మహీంద్రా బండ్లు, కొరాపుట్ ఘాట్ రోడ్లు: ఏది దేనికి పనికొస్తుంది

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందు చెబుతాను. మీది సిమిలిగుడ. నాన్నగారిది అల్లం, కూరగాయల వ్యాపారం. కుందులి సంతలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ కొని, సుంకి ఘాట్ దింపి సాలూరు, విజయనగరం పంపిస్తారు. ఇంట్లో నానమ్మగారితో కలిపి ఏడుగురు. ఒకప్పుడు కమాండర్ జీపు నడిపిన మనిషి కాబట్టి, కొంటే మహీంద్రానే కొనాలని నాన్నగారి పట్టుదల. జయపురంలో షోరూముకు వెళ్తే బొలెరోలే అరడజను, స్కార్పియోలు రెండు, థార్‌లు రెండు, పైగా ఎక్స్‌యూవీలు కనిపించి ఏమీ తేలక తిరిగి వచ్చారు. సరుకుకూ ఇంటికీ కలిపి ఒకటే బండి సరిపోతుందా అన్నది అసలు ప్రశ్న.

సరిపోదు. ఇల్లు, వ్యాపారం రెండూ ఒకే బండి మీద పెట్టుకున్నవాళ్లు చివరికి రెండింటికీ కొరగాని బండితో మిగలడం మా వర్క్‌షాపులో చాలా కాలంగా చూస్తున్నాను. కారణాలు కింద వస్తాయి. ముందు ఆ పేర్ల చిక్కు విప్పుదాం.

బొలెరో పేరు మీద అమ్మేవి చూడండి: మామూలు బొలెరో, బొలెరో నియో, నియో ప్లస్, క్యాంపర్, పికప్, మ్యాక్స్ పికప్. ఇంటిపేరు ఒకటే, కాపురాలు వేరు. స్కార్పియో క్లాసిక్‌కూ స్కార్పియో-ఎన్‌కూ పేరు తప్ప పెద్దగా పొత్తు లేదు. ఎన్ అనేది 2022 జూన్‌లో కొత్త చాసిస్ మీద, అంటే కొత్త అడుగు చట్రం మీద, వచ్చిన బండి. 2002 నాటి స్కార్పియోను మెరుగుపరుస్తూ వచ్చి అదే ఏడాది ఆగస్టులో క్లాసిక్ అని పేరు పెట్టారు. కాబట్టి ‘మా బావగారి స్కార్పియో ఇలా ఉంది’ అని ఎవరైనా చెబితే, ఏ స్కార్పియో అని అడిగాకే నమ్మండి. పేర్ల గొడవ ఎంతదాకా పోయిందంటే, 2024 చివర్లో తెచ్చిన ఎలక్ట్రిక్ కారుకు బీఈ 6ఈ అని పెడితే, 6ఈ మాదంటూ ఇండిగో విమాన సంస్థ కోర్టుకెక్కింది. చివరికి దాన్ని బీఈ 6 అని పిలవాల్సి వచ్చింది.

పేరు వదిలేసి బండి కిందికి వంగి చూడండి. చూడాల్సినవి రెండే. ఒకటి, చాసిస్ విడిగా ఉందా లేదా. రెండోది, ఇంజను ఏ చక్రాలను తిప్పుతోంది.

బొలెరో, నియో, రెండు స్కార్పియోలు, రెండు థార్‌లు, పికప్‌లు అన్నీ నిచ్చెన చాసిస్ బండ్లు. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, మధ్యలో అడ్డకమ్ములు, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ. గుంతల దారిని, బరువును ఓర్చుకుంటాయి. బాడీ దెబ్బతిన్నా చాసిస్ నిటారుగా ఉంటే బాగు చేసుకోవచ్చు. దానికి ఇచ్చుకునే మూల్యం బరువు, ఊగుడు. ఎక్స్‌యూవీ 700, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ మోనోకాక్ బండ్లు, అంటే బాడీయే చాసిస్. మలుపులో కుదురుగా ఉంటాయి, వెనక కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పదు. రోజూ రాళ్ల దారిలో బరువు మోయడానికి పుట్టినవి మాత్రం కావు. దీనికి ఒక మినహాయింపు 2018లో వచ్చిన మరాజో. నిచ్చెన చాసిస్ మీద ముందు చక్రాలతో నడిచే విచిత్రమైన బండి అది. మెత్తగా పోతుంది. సెకండ్ హ్యాండులో దొరికితే, మన వైపు విడిభాగాలు ఎంత సులువుగా దొరుకుతాయో కనుక్కుని మరీ ముట్టుకోండి.

ఇక చక్రాల సంగతి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. కాబట్టి వెనక చక్రాలతో నడిచే బండి, నిండుగా ఉంటే, ఘాట్‌ను చక్కగా పట్టుకుని ఎక్కుతుంది. అదే పికప్ ఖాళీగా ఉంటే, జూలై వానలో పొట్టంగి దగ్గర బురద కమ్మిన మలుపులో, వెనక భాగం పక్కకు జారుతుంది. కొత్త డ్రైవర్లు ఇక్కడే కంగారు పడతారు. లోడుతో వెళ్లినప్పుడు రాని ఇబ్బంది ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు వస్తుంది. ముందు చక్రాల బండికి ఇది తిరగబడుతుంది. 3ఎక్స్‌ఓలో అయిదుగురు, డిక్కీ నిండా సామాను వేసుకుని తడి ఎత్తులో ఆపి మళ్లీ ఎత్తుకుంటే ముందు చక్రాలు కాస్త గీసుకుంటాయి. తారు రోడ్డు మీద అది పెద్ద విషయం కాదు.

నాన్నగారి మనసులో ఉన్నది బొలెరోనే అని నా అనుమానం. అందులో తప్పు లేదు. కమాండర్, మార్షల్, అర్మడా వరుసలోంచి పుట్టుకొచ్చిన బండి అది, 2000లో వచ్చింది. మహీంద్రా బండ్ల తయారీ మొదలైందే జీపుతో. 1945లో మహీంద్రా అన్నదమ్ములు ఇద్దరు, మలిక్ గులాం మొహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారానికి మహీంద్రా అండ్ మొహమ్మద్ అని పెట్టారు. విభజన తర్వాత గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. ఇక్కడ మిగిలినవాళ్లు 1948లో పేరును మహీంద్రా అండ్ మహీంద్రాగా మార్చుకుని, విల్లీస్ జీపులను బిగించడం కొనసాగించారు. కొరాపుట్, రాయగడ దారుల్లో మనుషులను మోసిన సర్వీసు జీపులన్నీ ఆ సంతానమే.

ఇప్పటి బొలెరోలో 1493 సీసీ మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను, 75 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. అంకెలు చిన్నవే. కానీ ఆ టార్క్ తక్కువ వేగంలోనే అందుతుంది కాబట్టి సుంకి ఎత్తులో రెండో గేరులో మొండిగా లాక్కుపోతుంది. తొందర ఉన్నవాళ్లకు నచ్చదు. వెనక కమాను పట్టీలు ఉంటాయి కాబట్టి ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది, నలుగురైదుగురు ఎక్కాక కుదురుకుంటుంది. రిపేరు తెలిసిన మెకానిక్కులు లమతాపుట్‌లోనూ ఉంటారు, గుణుపురంలోనూ ఉంటారు. ఈ ఒక్క కారణంతో ఇప్పటికీ చాలామంది దాన్నే కొంటున్నారు. ఆ కారణం గట్టిదే.

కానీ మీ ఇంట్లో ఏడుగురు. బొలెరోలో ఆరో మనిషి, ఏడో మనిషి వెనకాల పక్కకు తిరిగిన మడత సీట్లలో కూర్చోవాలి. నియోలోనూ అంతే. తొమ్మిది మంది పట్టే నియో ప్లస్‌లోనూ వెనక వరుస పక్కకు తిరిగే ఉంటుంది. ఘాట్ మలుపుల్లో ఆ సీటులో కూర్చున్న పిల్లలకు ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది. వాంతుల సంగతి అటుంచితే, గుద్దుకున్నప్పుడు ఆ సీటులో శరీరానికి ఆసరా ఉండదు.

బొలెరో నియో అంటే ఒకప్పటి టీయూవీ 300. 2021లో మార్పులు చేసి పేరు మార్చారు. ఇంజను పరిమాణం బొలెరోదే అయినా 100 హార్స్‌పవర్, 260 న్యూటన్ మీటర్లు. వెనక కాయిల్ స్ప్రింగులు కాబట్టి నడక మెత్తన. ఎన్10 ఆప్షన్ రకంలో ఒక మంచి వస్తువు ఉంది: ఒక వెనక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే దానంతట అదే రెండు చక్రాలనూ కలిపి బిగించే లాకింగ్ డిఫరెన్షియల్. ఫోర్ వీల్ డ్రైవ్‌కు డబ్బు పెట్టలేని వాళ్లకు, మన మట్టిదారులకు, అది చాలావరకు సరిపోతుంది. ఇక చేదు నిజం: 2024 ఏప్రిల్‌లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టి చూసినప్పుడు నియోకు అయిదుకు ఒక్క నక్షత్రమే వచ్చింది. బయటికి గట్టిగా కనిపించే ఇనుము వేరు, ఢీకొన్నప్పుడు లోపలి మనిషిని కాపాడే నిర్మాణం వేరు. రేకు మందాన్ని వేలితో కొట్టి చూసి బండి గట్టిదనం తేల్చే పెద్దలకు ఈ మాట ఎంత చెప్పినా ఎక్కదు. మీరైనా గుర్తుంచుకోండి.

స్కార్పియో క్లాసిక్ 2.2 లీటర్ల డీజిల్, 132 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్లు, వెనక చక్రాలు మాత్రమే. ఎత్తుల్లో బలం గురించి ఆలోచించాల్సిన పనే ఉండదు. ఆ బలం వల్లనే కుర్రాళ్లు మలుపుల్లో దాన్ని కారులా తిప్పబోయి దెబ్బతింటారు. ఎత్తైన బండి, పాత కొలతల చాసిస్, అది కారు కాదు. సీట్ల అమరిక రకాన్ని బట్టి మారుతుంది. చిన్న రకాల్లో వెనక పక్క సీట్లు వస్తాయి. అడిగి, ఎక్కి చూసి తీసుకోండి.

స్కార్పియో-ఎన్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మీ ఇంటికి దగ్గరగా వచ్చేది అదే. చిన్న రకాల్లో డీజిల్ 132 హార్స్‌పవర్, పైవాటిలో 175. పెట్రోలైతే 2 లీటర్ల టర్బో, 203. ఫోర్ వీల్ డ్రైవ్ కావాలంటే డీజిల్‌లో మాత్రమే ఉంది, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరుతో సహా. 2022 డిసెంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో పెద్దల రక్షణకు 5 నక్షత్రాలు వచ్చాయి. నిచ్చెన చాసిస్ మీద అంత రక్షణ తేవడం చిన్న పని కాదు. మూడో వరుస ముందుకే చూస్తుంది. కానీ ఆ వరుస ఇరుకు. పదో తరగతి లోపు పిల్లలకు సరే, పెద్దవాళ్లకు విజయనగరం వచ్చేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. ఏడుగురూ ఎక్కితే వెనక సామానుకు చోటు దాదాపు ఉండదు, టాపు మీద క్యారియర్ పెట్టించుకోవాలి. నానమ్మగారు ఎక్కడానికి ఎత్తు ఎక్కువ. సైడ్ స్టెప్ ఉన్నదే తీసుకోండి, లేకపోతే పెట్టించండి.

ఆ ఎత్తు ఇబ్బంది అనుకుంటే ఎక్స్‌యూవీ 700 ఉంది. 2021లో వచ్చింది, 2026 జనవరిలో ఎక్స్‌యూవీ 7ఎక్స్‌ఓ పేరుతో రూపం మార్చుకుంది. ఇదీ 5 నక్షత్రాల బండే. డీజిల్‌లో తీసుకుంటే ఇంధనంతోపాటు డీఈఎఫ్ అనే ద్రవం కూడా పోయించాలి. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి అది. కొరాపుట్ నుంచి విజయనగరం దాకా జాతీయ రహదారి 26 మీద తిరిగే కుటుంబానికి దీన్ని మించిన సుఖం మహీంద్రా డీజిల్ బండ్లలో లేదు. మీరు రైతుల పొలాల దాకా వెళ్లాలంటే మాత్రం దీని పొట్ట కింద రాళ్లు తగులుతుంటాయి.

ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ 2024 ఏప్రిల్‌లో వచ్చింది. ఎక్స్‌యూవీ 300కు కొత్త రూపం. అయిదుగురికే. మన దేశపు ఢీ పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దల రక్షణకు 32కు 29.36 మార్కులు. దీని 1.5 లీటర్ల డీజిల్‌కు 300 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే స్కార్పియో క్లాసిక్‌కు ఉన్నంత, చాలా తేలికైన బండిలో. సుంకి ఘాట్‌లో దీన్ని నడిపినవాళ్లు తిరిగి బొలెరో ఎక్కడానికి ఇష్టపడరు.

థార్ గురించి రెండు మాటలు చాలు. దేవమాలి కొండకు సరదాగా వెళ్లేవాళ్లకు, నీళ్లలో బురదలో దిగేవాళ్లకు మూడు తలుపుల థార్. కొంచెం ఇంటివాళ్లను కూడా తీసుకెళ్లాలనుకునేవాళ్లకు 2024 ఆగస్టు 15న తెచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్. రాక్స్‌కు భారత్ ఎన్‌క్యాప్‌లో 32కు 31.09 వచ్చింది. ఏడుగురు ఎక్కలేరు, అల్లం బస్తాలు ఎక్కవు. మీ తమ్ముడు ఎంత పేచీ పెట్టినా మీ లెక్కలోకి రాదు.

ఎలక్ట్రిక్ వాటిలో బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ లాంటివి ఉన్నాయి. ఈ రెండింటికీ 59 లేదా 79 యూనిట్ల బ్యాటరీ. ఘాట్ దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీని నింపడం కొండ ప్రాంతంలో నిజంగా ముచ్చటైన సంగతి. ఇంట్లో నమ్మకమైన కరెంటు, సొంత పార్కింగ్ ఉండి, రోజూ దమంజోడి, సునాబెడ ఉద్యోగాలకు వెళ్లొచ్చేవాళ్లు ఆలోచించవచ్చు. మీకిప్పుడు కాదు.

ఇక సరుకు బండ్లు. అసలు మీ ఇంటికి అన్నం పెట్టేది ఇదే కాబట్టి ముందు కొనాల్సింది కూడా ఇదే.

అన్నిటికన్నా చిన్నది జీతో, ముప్పావు టన్ను అటూఇటూగా మోస్తుంది. సిమిలిగుడ బజారులో దుకాణాలకు సరుకు వేయడానికి సరే, ఘాట్ దింపడానికి కాదు. సుప్రో టన్ను దాకా. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన వీరో 1.6 టన్నుల దాకా మోస్తుంది. 1.5 లీటర్ల డీజిల్‌తోనూ సీఎన్‌జీతోనూ దొరుకుతుంది, డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ ఉంది, క్యాబిన్ కారులా సుఖంగా ఉంటుంది. పట్టణాల మధ్య మంచి రోడ్ల మీద తిరిగే కిరాణా, పార్సిల్ వ్యాపారులకు దాన్నే చెబుతాను.

మీ పనికి మాత్రం బొలెరో పికప్, లేదా బొలెరో మ్యాక్స్ పికప్. 2.5 లీటర్ల పాతకాలపు మొరటు డీజిల్ ఇంజను, కింద ఏ ఎగుడుదిగుడు వచ్చినా తట్టుకునే ఇరుసు హౌసింగ్, వెనక కమాను కట్టలు. మ్యాక్స్‌లో 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా మోసే రకాలున్నాయి, పెద్దవాటిలో వెనక బాడీ పది అడుగుల పొడవు. ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది. రెండు టన్నులది తీసుకుంటే ఎప్పటికైనా పనికొస్తుందంటారు, లేదా 1.3 టన్నులది తీసుకుని కమానులో అదనపు పట్టీలు వేయించి రెండున్నర టన్నులు ఎక్కిస్తారు. రెండోది ప్రమాదం. పట్టీ బరువును మోస్తుంది, బ్రేకు మోయదు. అదనపు పట్టీతో పాటు బ్రేకులు పెద్దవి కావు, ఇరుసు లావు కాదు, టైరు గట్టిపడదు. సుంకి దిగువన బ్రేకు లైనర్లు కాలిన వాసన వస్తున్న బండ్లలో చాలా వాటికి ఆ అదనపు పట్టీ ఉంటుంది. పట్టుబడితే జరిమానా మొదలయ్యేదే 20,000 రూపాయల దగ్గర, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000.

మీరు చెప్పిన బస్తాల లెక్క ప్రకారం ఒక్కో ట్రిప్పుకు టన్నున్నర పడుతుంది. 1.7 టన్నులది తీసుకోండి. ఒక చిన్న మెలిక గమనించండి: బండి, లోడు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. 1.7, 2 టన్నుల రకాలు ఆ గీత దాటుతాయి. మీరు రాష్ట్రం దాటి సాలూరు వెళ్లాలి కాబట్టి నేషనల్ పర్మిట్ తీసుకోవాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే చిన్న రకం కొని ఎక్కువ లోడు వేసేవాళ్లున్నారు, వాళ్ల బాట పట్టకండి. డ్రైవింగ్ లైసెన్సుకు మాత్రం బెంగ లేదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు సరుకు బండిని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఇప్పుడు మీ మనసులో మెదిలే క్యాంపర్ సంగతి. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్, వెనక టన్ను లోడుకు బాడీ. ఒకే బండి రెండు పనులు అన్న మీ ఆలోచనకు అచ్చంగా సరిపోయినట్టు కనిపిస్తుంది. గనుల వాళ్లు, కరెంటు లైన్లు వేసే కాంట్రాక్టర్లు, పనివాళ్లనూ సామానునూ కలిపి తీసుకెళ్లేవాళ్లు దీన్ని బాగా వాడుకుంటారు. 2018లో గురుప్రియ వంతెన తెరిచాక చిత్రకొండ అవతలి ఊళ్లకు పోయే దారుల్లో ఇవి తరచుగా కనిపిస్తాయి. కానీ మీకు టన్ను చాలదు, అయిదు సీట్లూ చాలవు. మిగిలిన ఇద్దరు వెనక బాడీలో కూర్చుంటారు, అక్కడే నా గొంతు పెరుగుతుంది.

సరుకు బండి వెనక మనుషులను ఎక్కించవద్దు. పెళ్లికైనా, మజ్జిగౌరమ్మ గుడికైనా, చావు కబురు వచ్చినా. సరుకు యజమాని తన సరుకుతో పాటు క్యాబిన్‌లో కూర్చుంటే బీమా వర్తిస్తుంది. ఊరికే ఎక్కినవాళ్లకు, చార్జీ ఇచ్చి ఎక్కినవాళ్లకు బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అంటే బండి మలుపులో పడితే మనుషులు పోవడమే కాక, నష్టపరిహారం కింద బండి యజమాని ఇల్లు, పొలం కూడా పోతాయి. మన ఏజెన్సీ దారుల్లో ప్రతి ఏడూ ఇది జరుగుతూనే ఉంది.

పెద్ద లారీల్లో మహీంద్రాకు ఫ్యూరియో, బ్లేజో ఎక్స్ ఉన్నాయి. అమెరికా కంపెనీ నావిస్టార్‌తో కలిసి మొదలుపెట్టి, తర్వాత వాళ్ల వాటాను కొనేసి సొంతంగా నడుపుతున్నారు. 2025లో ఎస్‌ఎంఎల్ ఇసుజులో 58.96 శాతం వాటా కొని ఆ కంపెనీ పేరు ఎస్‌ఎంఎల్ మహీంద్రాగా మార్చారు, చిన్న బస్సులు, మధ్యరకం లారీలు దానివి. మీకు ఇప్పుడవసరం లేదు. వ్యాపారం పెరిగి రోజుకు ఏడెనిమిది టన్నులు పంపే రోజు వస్తే సొంత లారీ కన్నా అద్దె లారీయే మేలా అన్నది అప్పుడు లెక్క వేద్దాం.

ఏ బండి కొన్నా ఘాట్ పద్ధతి ఒకటే. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఇంజను పట్టుకుంటుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి. డీజిల్ మిగుల్చుకుందామని దిగువలో ఇంజను ఆపేసే డ్రైవరును మరుసటి రోజే మాన్పించండి. ఇంజను ఆగితే బ్రేకుకు బూస్టరు సాయం పోతుంది, పవర్ స్టీరింగు బిగుసుకుపోతుంది. పైగా ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఆ దిగుడులో డీజిల్ చుక్క కూడా పీల్చవు. మిగిలేది ఏమీ లేదు.

ఇంకొకటి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది పట్టిన మసిని కాల్చుకోవాలంటే బండి వేడెక్కి ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తాలి. విజయనగరం దాకా పోయే పికప్‌కు ఆ సమస్య రాదు. బడికీ బజారుకీ రెండు కిలోమీటర్లు తిరిగే ఇంటి బండి డీజిల్‌ది అయితే జల్లెడ మూసుకుపోయి, దీపం వెలిగి, వర్క్‌షాపుకు వస్తుంది. కాబట్టి ఇంటి బండి ఎక్కువగా ఊళ్లోనే తిరుగుతుందనుకుంటే పెట్రోలు తీసుకోండి. మైలేజీ తక్కువని నాన్నగారు అభ్యంతరం చెబుతారు. ఆ జల్లెడ మార్చడానికి ఎంతవుతుందో షోరూములో ఆయన్నే అడగమనండి.

పన్ను లెక్క కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, డీజిల్ అయితే 1500 సీసీ, పెట్రోలు అయితే 1200 సీసీ లోపు ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. అది దాటితే 40. బొలెరో పొడవు 3,995 మిల్లీమీటర్లు, ఇంజను 1493 సీసీ అయింది ఊరికే కాదు. బొలెరో, నియో, 3ఎక్స్‌ఓ, 1.5 డీజిల్ థార్ ఈ గీతకు లోపల ఉంటాయి. స్కార్పియోలు, ఎక్స్‌యూవీ 700, రాక్స్ బయట ఉంటాయి. సరుకు బండ్లకు 18, ఎలక్ట్రిక్‌కు 5. సరుకు బండి మీద కట్టిన జీఎస్టీ వెనక్కి తీసుకోవచ్చని సేల్స్‌మన్ చెబితే నవ్వి ఊరుకోండి. పచ్చి అల్లానికి, కూరగాయలకు జీఎస్టీ లేదు కాబట్టి మీకు సర్దుకునే దారి లేదు.

నా సలహా: ఇప్పుడు 1.7 టన్నుల మ్యాక్స్ పికప్ కొనండి. అల్లం కోతలు మొదలయ్యే లోపు తీసుకుంటే మొదటి సీజనుకే కొంత అప్పు తీరుతుంది. ఇంటి బండికి ఏడాది ఆగండి. ఆగలేకపోతే, ఏడుగురూ కలిసి నెలకు ఎన్నిసార్లు ప్రయాణం చేస్తారో ఇంట్లో కూర్చుని నిజాయితీగా లెక్కపెట్టండి. ఏడాదికి మూడు నాలుగు సార్లే అయితే 3ఎక్స్‌ఓ తీసుకుని ఆ మూడు నాలుగు రోజులకు బండి అద్దెకు మాట్లాడుకోండి. తరచుగా అయితే స్కార్పియో-ఎన్‌లో చిన్న డీజిల్ రకం, 132 హార్స్‌పవర్‌ది. ఎత్తులకు అది చాలు, 175 అక్కర్లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ కూడా అక్కర్లేదు. మీ పొలం పనులకు ట్రాక్టరు ఉందన్నారు కదా.

విజయనగరంలో ధర తక్కువకు ఇస్తామన్నారని రాశారు. కొనవచ్చు, కానీ తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో తెచ్చుకుని కొరాపుట్ ఆర్టీఓలో ఓడీ-10 నంబరే వేయించండి. ఆంధ్రా నంబరుతో ఒడిశాలో ఉంచితే పన్నెండు నెలలు దాటాక తిరిగి రిజిస్టర్ చేయించాల్సిందే. అప్పుడు అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ మళ్లీ రోడ్డు పన్ను, అక్కడ కట్టిన పన్ను కోసం వెనక్కి తిరగడం. సెకండ్ హ్యాండ్ బండి పార్వతీపురంలోనో సాలూరులోనో చూస్తే ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఫైనాన్సు తీరిన కాగితం చేతికి వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. పికప్‌కు ఫిట్‌నెస్ మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. టెస్ట్ డ్రైవ్‌కు ఊళ్లో రోడ్డు మీద తిప్పి తెస్తే ఒప్పుకోవద్దు. కొరాపుట్–జయపురం ఘాట్‌లో నడపనివ్వమనండి, ఇంటి బండి అయితే నానమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి.